మేనేజరుగారిని కడగండి

నాన్నా,

ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగమూ నిలిచింది, కంగారుపడకు.

అసలైతే ఊడాల్సిందే. నిన్న నేను టైపు చేసిన నోటీసు ఆఫీసు గోడకెక్కింది: "లిఫ్టు పనిచేయదు. వివరాలకు మేనేజరుగారిని కడగండి." 'అడగండి' అని కొట్టబోయి అలా కొట్టాను. పొద్దున్నే గోడ దగ్గర గుంపు. "సబ్బు ఎవరు తెస్తున్నారమ్మా?" అని గుమస్తాలు ఒకటే వేళాకోళం. ఇంతలో మేనేజరుగారే వచ్చి చదివారు. "కడిగితే కడిగారు, నీళ్లు మాత్రం వేడివి పెట్టించండి" అని నవ్వి, జేబులోంచి పెన్ను తీసి దిద్ది వెళ్లిపోయారు. అక్కడ టైపు చేసేది నేనొక్కదాన్నే అని తెలిసి కూడా, ఎవరి పని అని అడగలేదు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నీ నిచ్చెన పట్టుకుని, నువ్వు కొట్ల బోర్డుల మీద రంగుతో రాసే ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుంటూ చదువు నేర్చినదాన్ని. అలాంటిదాన్ని, కాలేజీ చదువు తలకెక్కి, దర్జీ కొట్టు ముందు నలుగురిలో "ఒత్తు మింగేశావేంటి నాన్నా!" అని పకపకా నవ్వాను. నువ్వు బోర్డు సగంలో వదిలేసి కిందికి దిగిపోయావు. ఆ తర్వాత కుంచె ముట్టలేదని అమ్మ రాసింది.

అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? నా మందపాటి దుప్పటి ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. ఇక్కడి బోర్డులన్నీ మిషను మీద అచ్చేసినవే. నీ 'ళ'కున్న వయ్యారం ఒక్కదానికీ లేదు.

దర్జీ మామయ్య బోర్డు ఇంకా సగంలోనే ఉందట. పూర్తిచెయ్యి నాన్నా. ఈ కార్డులోనూ ఎక్కడో తప్పు దొర్లే ఉంటుంది. ఆ కొట్టు ముందే నలుగురికీ చదివి వినిపించి, కడుపారా నవ్వు. నాకదే దీవెన.

నీ పెద్దమ్మాయి