పద్నాలుగు సూదులు

ఆంగ్ మో కియో, సింగపూర్
ఆదివారం

మా అప్ప గౌరమ్మకి తమ్ముడు బాబ్జీ దండాలు పెట్టి రాసేది. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ, నీ కోళ్ళూ బాగున్నారనుకుంటాను.

ముందుగా యావన్మంది బంధువర్గానికి విచారంతో తెలియజేయడమేమనగా, గడిచిన మంగళవారం మధ్యాహ్నం మా బ్లాక్ కింద హాకర్ సెంటర్ తిండి కొట్లో నా పైవరస కట్టుడు పన్ను చేపల సూపులో పడి అస్తమించింది. తెలియక మింగేశాను. అది తిరిగి దర్శనమిచ్చేదాకా ఇంట్లో సంతాప దినాలు.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మోకాళ్ళ నూనె పంపాను, వచ్చేవారం సరిహద్దు దాటి బస్సులో వచ్చేవాళ్ళు తెస్తారు. నీ మేనకోడలు కావ్యశ్రీ తెలుగు మాట్లాడుతోందా అంటే, నన్ను తిట్టేటప్పుడు మాట్లాడుతోంది, అదీ చివర సింగపూరు 'లా' ఒకటి తగిలించి. నిన్న నేను నూనె సీసా మీద 'అప్పకి' అని పైకి అనుకుంటూ రాస్తుంటే మా గిడ్డంగిలో తమిళాయన విని, "మీ నాన్న ఇంకా ఉన్నారా?" అన్నాడు. తమిళంలో అప్పంటే నాన్న కదా, ఉన్నాడన్నాను. నాన్న కంటే నువ్వే ఎక్కువ కొట్టావు కదా, అబద్ధమేమీ కాదు.

మూడోది నన్ను రాయమన్న బడి చరిత్ర. వచ్చే నెల మన రబ్బరు తోటలో పాత బడి పడగొడతారు, ముందు సభ పెడతారు, నేను రాసింది సంఘం ప్రెసిడెంటు రాజారావు మైకులో చదువుతాడు. "ఆఖర్న వాడి పేరే రాయి. బడి మూయించింది వాడేనని వాడి నోటితోనే చదవాలి. జనం ముందు నోరు పడిపోవాలి" అని రాశావు. అప్పా, నువ్వింత బాగా కక్ష కడతావని తెలిస్తే చిన్నప్పుడు ఇంకొంచెం దూరంగా పరిగెత్తేవాణ్ణి.

రాశాను. నాలుగు పేజీలు. తెల్ల దొర గుర్రం దిగి మొదటి పలక ఇచ్చాడనీ, ఏనుగు వచ్చి గోడకి వీపు రాసుకుంటే బడి ఒకవైపు ఒరిగిందనీ రాశాను. అంతకుముందు అది రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగది అనీ, అందుకే మనమంతా ఎండుచేపల్లా కంపు కొట్టేవాళ్ళమనీ రాశాను. వీరాస్వామి మాస్టారు ఆయాసంతో పద్యం సగంలో ఆగిపోతే, మిగతా సగం నువ్వు అందుకునేదానివని రాశాను. పదిహేడేళ్ళకే చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించేదానివి. ఆయన తర్వాత ఆ కుర్చీ నీదే అని తోటంతా అనుకునేది. చివర్న రాజారావుని ఉతికి ఆరేశాను.

కావ్యశ్రీకి చదివి వినిపించాను, మెచ్చుకుంటుందని.

"పా, ఆ అంకుల్ అంత బ్యాడ్ ఆ? అత్తకి ఎవరు చెప్పారు?"

"నేనే."

"నీకెవరు చెప్పారు?"

నేను పన్ను తడుముకున్నాను.

"బ్లఫ్ చేయకు లా, పా. నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదప్పా.

తెలుగు పిల్లల్ని లెక్కపెట్టడానికి తనిఖీ ఆఫీసరు వచ్చిన ఆ రోజు, తోట ఆఫీసులో గుమస్తా కాబట్టి రాజారావే ఆయన్ని జీపులో తీసుకొచ్చాడు. ఆ వారమే తోటలో పిచ్చికుక్కని కాల్చేశారు గుర్తుందా? ఆఫీసరు చేతిలో పొడుగాటి తోలుపెట్టె ఉంది. నాకు పదేళ్ళు. ఊరికే ఉండలేకపోయాను. బెంచీ బెంచీకీ వెళ్ళి చెప్పాను: "పెట్టెలో సూదులున్నాయిరా. తెలుగోళ్ళెవరని అడుగుతాడు. చెయ్యెత్తినోడికి బొడ్డు చుట్టూ పద్నాలుగు."

తెలుగు తరగతి ఉండాలంటే పదిహేనుమంది కావాలని నాకేం తెలుసు? పద్దెనిమిదిమందిమి ఉన్నాం. తెలుగు చదివేవాళ్ళు చెయ్యెత్తమని ఆయన మలయి భాషలో అడిగాడు. ఒక్క చెయ్యి లేవలేదు. నాదీ లేవలేదు. నవ్వు ఆపుకోవడానికి చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకున్నాను.

వెనక గోడ దగ్గర నువ్వు ఎత్తావు. "నువ్వు పిల్లవి కాదు కదా, దించు" అన్నాడాయన. నువ్వు దించలేదు. ఆయన రాసుకుని, పెట్టె తెరిచి, అందులోంచి గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం నువ్వు చీపురు పట్టుకుని "చెయ్యెత్తొద్దని ఎవడ్రా చెప్పింది?" అని అడిగితే నోటికి దొరికిన పేరు రాజారావు. చెయ్యెత్తితే మీ నాన్నల పని పోతుందని బెదిరించాడన్నాను. పిల్లలందరి చేతా అదే చెప్పించాను. సూదికి భయపడ్డామని ఒప్పుకోడానికి వాళ్ళకీ సిగ్గే. మూడు నెలలకి రాజారావు వాళ్ళమ్మ నిన్ను కోడలిగా అడగడానికి తాంబూలం పట్టుకొచ్చింది. నువ్వు పళ్ళెం వాకిట్లోకి విసిరికొట్టావు. దొర్లిన అరటిపళ్ళు నేను ఏరుకు తిన్నాను. తియ్యగా ఉన్నాయి కూడాను.

బడి మూతపడ్డాక మాస్టారు రబ్బరు పాల తూకం దగ్గర బకెట్లు కడుగుతూనే కన్నుమూశాడు. నువ్వు అదే తోటలో ముప్పయ్యేళ్ళు రబ్బరు పాల కోసం చెట్లు గీశావు. రాజారావు వేరే పెళ్ళి చేసుకున్నాడు, మనవల్ని ఎత్తుకుంటున్నాడు. నీకు ఆ కోపం తప్ప ఇంకేం లేకపోయింది. దాన్ని కూడా ఏటా నేనే ఎగదోశాను. సెలవులకి వచ్చినప్పుడల్లా "వాడు నిన్ను చూసి తల దించుకున్నాడప్పా" అనేవాణ్ణి. నువ్వు ఆ పూట కోడిని కోసి కూర వండేదానివి.

పొద్దున్న రాజారావుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. విని అన్నాడు: "మీ అప్పకి చెప్పకు బాబ్జీ. ఈ వయసులో ఆవిడకి కోపమైనా మిగలనీ." సరేనండీ అన్నాను. ఫోన్ పెట్టేసి ఈ కాగితం తీశాను. మాట తప్పడం నాకు కొత్తేం కాదు కదా.

నువ్వు దిద్దించిన అక్షరాలే ఇవి. బడి పోయాక తెలుగు ఇంకెక్కడా చదువుకోలేదు, తప్పులుంటే నీవే. ఆ నాలుగు పేజీలూ చింపేశాను. సభలో నువ్వేం చదివించినా సరే, నేను ముందు వరసలో కూర్చుంటాను. చీపురు తెచ్చుకో.

ఇప్పుడు లెక్క తేల్చేస్తాను. పొగగది నిజం. దొర గుర్రం నేను కల్పించాను. ఏనుగు నేను కల్పించాను. పన్ను ఊడలేదు, నోట్లోనే ఉంది. రాజారావు బెదిరింపు నేను కల్పించాను. వాడు నిన్ను చూసి తల దించుకోవడం కూడా కల్పనే. చూసినప్పుడల్లా ఎలా ఉన్నావని అడిగేవాడు. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వు ఎత్తిన చెయ్యి మాత్రం నేను కల్పించలేదు.

ఇట్లు,
ఆ రోజు చెయ్యెత్తని నీ తమ్ముడు
బాబ్జీ