టైల్‌లో నాలుగు కన్నాలు

ఆదివారం రాత్రి, గుణదల

మొన్న వంటింట్లో, మామూలు గోడకి వాడే డ్రిల్లు బిట్టునే టైల్ మీద పెట్టి, టైల్ పగలగొట్టుకున్నాను. అందుకే ఇవాళ అత్తయ్య బాత్రూమ్‌లో పట్టుకునే హ్యాండిల్ బిగించడానికి ఈటె మొన ఉన్న టైల్ బిట్టు కొనుక్కొచ్చాను. టేపు అంటించి, డ్రిల్లుకి దెబ్బ కొట్టే హ్యామర్ స్విచ్ ఆపేసి, మెల్లగా మొదలుపెట్టాను.

"నాకెందుకమ్మాయ్ ఇవన్నీ? నేనేమన్నా ముసలిదాన్నా?" అని గొణుగుతూనే అత్తయ్య చెంబుతో నీళ్లు తెచ్చారు. "పాపం, బిట్టు కాలిపోతోంది, కాసేపు ఆపు" అంటూ, చంటిపిల్లకి ఉగ్గు పట్టినట్టు చెంచాతో ఒక్కో చుక్కా పోశారు. టైల్ దాటాక, లోపలి గోడకి మళ్లీ ఆ గోడ బిట్టే పెట్టి హ్యామర్ వేశాను. ఎక్కడా చిన్న బీట కూడా రాలేదు.

తీరా బిగించాక ఆవిడ దాని మీద తువ్వాలు ఆరేశారు. "దీనికైతే బావుందిలే."

నాకు ఒళ్లు మండింది. పోయిన వారం అక్కడే జారి, పట్టుకోవడానికి ఏమీ దొరకలేదన్నది ఈవిడే కదా! మళ్లీ జారితే...

బిట్లు తుడిచి, నూనె రాసి డబ్బాలో పెట్టాను. ఇందాక అత్తయ్య స్నానం అయ్యాక నేను వెళ్లాను. తువ్వాలు ఒక చివరికి జరిపి ఉంది. మిగిలిన చోట, స్టీలు మీద, సబ్బు చేతి ముద్ర ఇంకా ఆరలేదు.