మా ఇంట పెసరట్టు తిని నైనిక గంటలు కోసిన విషయమై

సేవా గంటల పునఃసమీక్షాధికారి గారి సముఖమునకు,

హెర్న్‌డన్ నివాసి కుమారి నైనిక, వయస్సు తొమ్మిది, తరఫున ఆమె తాత లక్ష్మీపతి, రిటైర్డ్ సూపరింటెండెంట్, జిల్లా పరిషత్తు, సమర్పించుకొను అర్జీ.

విషయం: మెడికెయిడ్ అను ప్రభుత్వ వైద్య సహాయ పథకం కింద నైనికకు ఇస్తున్న సహాయకురాలి గంటలను సగానికి పైగా తగ్గించుట – సదరు తగ్గింపును నిలిపివేసి, మరల ఇంటికి వచ్చి విచారణ జరుపవలసిందిగా కోరుట – గురించి.

అయ్యా,

లేక అమ్మా. తమరి ఉత్తరం కింద శాఖ పేరే గానీ మనిషి పేరు లేదు. మా ఆఫీసులో పేరు లేకుండా ఏ ఆర్డరూ గడప దాటేది కాదు. అది అలా ఉంచి, మనవి చేసుకొనునది ఏమనగా:

ఈ అర్జీ తెలుగులో రాయడానికి కారణం తమరే. ఉత్తరం చివరి పేజీలో బోలెడు భాషల మధ్య ఒక తెలుగు వాక్యం ఉంది. తెలుగు మాట్లాడేవారికి భాషా సహాయం ఉచితమని దాని సారాంశం. అది చూసి నా భార్య జ్ఞానప్రసూన కాగితాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేసింది. తమ ఆఫీసులో తెలుగు చదివే నాథుడు ఒక్కడైనా ఉంటాడన్న ధైర్యంతో రాస్తున్నాను. మా కోడలు రాగిణి ఇంగ్లీషు నకలు తయారుచేసి జతపరుస్తుంది.

నేను ఈ దేశానికి విజిటరుగా వచ్చినవాణ్ణి. నాకిక్కడ ఓటు లేదు, అడిగే హక్కూ లేదు. నైనిక మాత్రం ఇక్కడే పుట్టిన పౌరురాలు. ఆమె మాట్లాడదు, రాయదు. కాబట్టి ఆమె కలం నేను పట్టుకున్నాను.

1. పూర్వాపరాలు. నైనికకు పసితనం నుంచీ ఫిట్స్. మాటలు రాలేదు. ఈ కార్యక్రమంలో చేర్చిన రోజు ఆసుపత్రిలో సోషల్ వర్కరు గారు రాగిణి చెయ్యి పట్టుకుని, ఇది మీ పాప హక్కు, అవసరం ఉన్నంతకాలం ఉంటుంది అని చెప్పారట. ఇందులో తల్లిదండ్రుల జీతం చూడరని, పిల్ల స్థితి చూసి ఇస్తారని కూడా చెప్పారట. సాఫ్ట్‌వేరు వాళ్ళింటికి మెడికెయిడ్ ఏమిటని తమరు కనుబొమలు ఎగరేయకుండా ఈ సంగతి ముందే రాస్తున్నాను. మా అబ్బాయి అవినాష్ కంపెనీ ఇన్సూరెన్సు డాక్టరుకు ఇస్తుంది, మందుకు ఇస్తుంది. పిల్లను పట్టుకుని కూర్చునే మనిషికి ఇవ్వదు.

ఆ మనిషి పేరు మారిసోల్. వాళ్ళది ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డ కుటుంబం. నైనికను స్కూలు బస్సు ఎక్కించేది ఆమె, దింపుకునేది ఆమె. ఫిట్స్ వస్తే తల నేలకు కొట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకునేది ఆమె. 'తిను', 'కూర్చో', 'వద్దమ్మా' అనే మాటలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. నైనిక మా ఎవరి చేతా తల దువ్వించుకోదు. మారిసోల్ చేత దువ్వించుకుంటుంది. ఇప్పుడు తమరు తీసేస్తున్నది ఈ మనిషిని.

2. విచారణ జరిగిన తీరు. పైనుంచి నిధులు తగ్గబోతున్నాయని, అందరి గంటలూ మళ్ళీ చూస్తున్నారని చెప్పి తమరు ఒక అమ్మాయిని మా ఇంటికి పంపారు. ఇంటికి ఆఫీసరు వస్తున్నారంటే మాకు ఇల్లు కడగడం తెలుసు. తలుపు పైన నైనికకు అందకుండా బిగించిన గడియను అవినాష్ విప్పి దాచాడు, వచ్చినావిడ ఏమనుకుంటుందో అని. ఫిట్స్ కోసం పెట్టే హెల్మెట్‌ను రాగిణి అలమరలో పెట్టింది. నా భార్య పిల్లకు తలంటు పోసి, పట్టులంగా కట్టి, బొట్టు పెట్టి, దిష్టి చుక్క కూడా పెట్టింది. మారిసోల్‌కు ఆ రోజు సెలవిచ్చేశాం. పక్కన ఇంకో మనిషి కాచుకుని కూర్చుంటే, సొంత పిల్లను చూసుకోలేనివాళ్ళం అనుకుంటారని మా భయం.

తమరి అమ్మాయి వచ్చింది. ముందు టిఫిన్ తినమన్నాం. పెసరట్టు రెండోది కూడా అడిగి వేయించుకుంది. అల్లం పచ్చడి ఎలా చేస్తారో చెప్పమని ఫోనులో రాసుకుంది. ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. పిల్ల తనంతట తాను తింటుందా అని అడిగితే, నా భార్య, "బంగారంలా తింటుంది తల్లీ" అంది. అవినాష్ దాన్ని, "షి ఈట్స్ వెరీ వెల్" అని చెప్పాడు. నిద్ర ఎలా ఉందంటే, "పరవాలేదు, దేవుడి దయ." స్నానం, బాత్రూం, నడక, అన్నీ పరవాలేదు. కష్టమైన రోజుల్లో ఎవరు చూసుకుంటారు అంటే, "మేం లేమూ? మాకేం పని ఇక్కడ? ఇరవై నాలుగు గంటలూ దాని వెనకే ఉంటాం" అంది నా భార్య, ఛాతీ మీద చెయ్యి వేసుకుని.

అయ్యా, ఎవరైనా మీ పిల్ల ఎలా ఉంది అని అడిగితే బాగానే ఉంది అనడం మా మర్యాద. ఇంట్లో లోపాన్ని గుమ్మంలోకి వచ్చినవాళ్ళ ముందు పరుచుకోం. మా ఇళ్ళకు మనుషులను పంపేటప్పుడు తమ శాఖవారు ఈపాటి తెలుసుకుని పంపవద్దా? వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి నా భార్యను కౌగిలించుకుని, ఇంత మంచి కుటుంబంలో పుట్టడం పాప అదృష్టం అంది. నా భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఒక డబ్బాలో పచ్చడి పెట్టి ఇచ్చింది. ఆ డబ్బా తిరిగి రాలేదు, ఉత్తరం మాత్రం వచ్చింది.

3. ఉత్తరం గురించి. అందులో నైనిక స్వయంగా తింటుందని, ప్రశాంతంగా నిద్రపోతుందని, ఇంట్లో ఏ భద్రతా ఏర్పాటూ అవసరమైనట్టు కనపడలేదని రాశారు. అన్నిటికంటే మించి, ఆమెకు ఇంట్లో గట్టి 'సహజమైన అండ' ఉన్నదని రాశారు. ఆ సహజమైన అండ ఎవరా అని విచారించగా నా భార్య అని తేలింది. ఆమె మోకాళ్ళు రెండూ పోయాయి. మెట్లు కూర్చుని దిగుతుంది. పైపెచ్చు ఆమెది విజిటరు వీసా. సదరు అండకు జనవరిలో తిరుగు టిక్కెట్టు ఉంది. ఇంతకన్నా ఎక్కువ రోజులు ఉండనివ్వనిదీ తమ ప్రభుత్వమే, ఆమె ఉంది కదా అని గంటలు కోసిందీ తమ ప్రభుత్వమే. ఈ రెండు ఆఫీసుల వారూ ఎప్పుడైనా ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నారా అని అడగడానికి నాకు అధికారం లేదు. అయినా అడుగుతున్నాను.

4. మారిసోల్ గురించి. ఆమెకు కూడా తమరి మెడికెయిడే. ఆమెకు షుగరు. రాబోయే నిబంధనల ప్రకారం నెలకు ఇన్ని గంటలు పనిచేసినట్టు రుజువు చూపితేనే కార్డు నిలుస్తుందట. ఆమె పనిచేసే గంటలు నైనిక గంటలే. గంటలు తమరే తీసేస్తారు, గంటలేవీ అని తమరే అడుగుతారు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఇట్స్ ఓకే, తాతా. షి ఈట్ ఫస్ట్," అని గిన్నెలో పెరుగన్నం కలుపుతూ కూర్చుంది. ఆమె వెళ్ళే చిన్న క్లినిక్కు కూడా మూతపడవచ్చని అక్కడి నర్సులే అంటున్నారట. ఒక్క పిల్ల కాగితం మీద తమరు గీసిన గీత ఎంతమంది మీదుగా వెళుతోందో తమరికి తెలిసి ఉండదు.

5. ఈ అంశం తమ పరిధిలోనిది కాదు. అయినా గుండెల్లో పెట్టుకోలేక రాస్తున్నాను. పోయిన శనివారం షాంటిలీలో అవినాష్ స్నేహితుడు వినీత్ ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకుని తినే విందు. మేం పులిహోర తీసుకెళ్ళాం. ఆడవాళ్ళు వంటింట్లో, మగవాళ్ళు టీవీ ముందు. ఈ కోతల వార్త రాగానే వినీత్ అన్నాడు: "మంచి పని బ్రో. మన టాక్సులతో ఎవడెవడో కూర్చుని తింటున్నాడు. వీళ్ళందర్నీ కట్ చేస్తేనే సిస్టం బాగుపడుద్ది." అందరూ తలలు ఊపారు. మా అవినాష్ కూడా ఊపాడు. "ట్రూ, ట్రూ" అన్నాడు. నేను సోఫాలో ప్లేటు పట్టుకుని విన్నాను. నైనిక ఆ పక్క గదిలోనే మారిసోల్ ఒళ్ళో ఉంది. వాళ్ళు అనుకుంటున్నది, మారిసోల్‌ను మేమే జీతమిచ్చి పెట్టుకున్నామని. ఆ జీతం మెడికెయిడ్ ఇస్తుందని అవినాష్ ఎవరికీ చెప్పలేదు.

కార్లో రాగిణి అడిగింది. "ఏం ట్రూ, అవినాష్? నీ కూతురు కూర్చుని తింటోందా?"

"మరి ఏం చేయమంటావ్? అందరి ముందూ నైనిక స్టోరీ చెప్పమంటావా?"

"చెప్పక్కర్లేదు. ఆ 'ట్రూ' అనకుండా ఉండాల్సింది."

ఈ అర్జీ మీద అవినాష్ సంతకం లేకపోవడానికి కారణం వేరే. "నాన్నా, మా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, గవర్నమెంట్ మీద కంప్లైంట్ రాయొద్దు" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఉంది. వినీత్ మీదా ఉంది, తమరి అమ్మాయి మీదా ఉంది. నమ్మిన ప్రతి చోటా ఎవరో ఒకరు మా పిల్లను ఒక మాటతో అవతలికి నెట్టేశారు.

6. ఆ రోజు చెప్పనివి. ఇవి రాయడానికి నాకు చేతులు రావడం లేదు. నైనిక స్వయంగా తినదు. కలిపి నోట్లో పెడితే సగం ఉమ్ముతుంది, గొంతుకు అడ్డం పడుతుంది. తొమ్మిదేళ్ళు వచ్చినా డైపరే. రాత్రిళ్ళు నిద్రపోదు, గోడకు తల కొట్టుకుంటుంది. పొయ్యి కాలుతుందని తెలియదు. గడియ లేకపోతే తలుపు తీసుకుని రోడ్డు మీదికి పోతుంది. ఒకసారి కార్లు ఆగిపోతే ఎదురింటివాళ్ళు తెచ్చి అప్పగించారు. కోపం వస్తే తల్లిని కొరుకుతుంది. రాగిణి ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేది అందుకే.

మేం ఇన్నేళ్ళలో ఈ మాటలు మాలో మేమైనా అనుకోలేదు. వాళ్ళమ్మమ్మకు ఫోనులో కూడా చెప్పలేదు. తమరి గంటల కోసం నా మనవరాలి మీద నేనే చాడీలు రాయవలసి వచ్చింది. గంటలు తీసేసినందుకన్నా నా చేత ఈ పని చేయించినందుకు తమరి మీద నాకు ఎక్కువ కోపం.

కావున ప్రార్థించునది ఏమనగా: కోత ఉత్తర్వును నిలిపివేయగలరు. తమ సిబ్బందిని మరల పంపగలరు. చెప్పకుండా పంపగలరు. తలంటు ఉండదు, పట్టులంగా ఉండదు. గడియ తలుపుకే ఉంటుంది. మారిసోల్ కూడా ఉంటుంది. ఈసారి టిఫిన్ పెట్టం, కాఫీ కూడా ఇవ్వం. ఇది మా వంశంలో ఎవరూ చేయని పని, అయినా చేస్తాం. వచ్చినవారు పొద్దుట్నుంచి రాత్రి దాకా ఉండి చూడాలి. ఇది దానం అడగడం కాదు. ఉంటుందని తమరి మనుషులే చెయ్యి పట్టుకుని చెప్పిన దాన్ని ఉంచమని అడగడం.

ఇందులో ఏ ముక్కా చిత్తగించకపోయినా, ఆరో అంశం మాత్రం చిత్తగించవలెను.

ఇన్నాళ్ళూ ప్రభుత్వమంటే నమ్మకం ఉంచుకున్న,
తమ విధేయుడు,
లక్ష్మీపతి

తా.క. ఈ ముక్క ఇంగ్లీషు నకలులో ఉండదు. రాగిణి వద్దంది. తెలుగు చదివే ఆ దుబాసీ గారికి మాత్రమే రాస్తున్నాను.

బాబూ, లేక అమ్మా, ఈ ఉదయం రాగిణి ఈ అర్జీని ఇంగ్లీషులోకి మార్చడానికి గట్టిగా చదువుకుంటోంది. నైనిక పక్కనే నేల మీద కూర్చుని ఉంది. ఆమెకు మాటలు అర్థమవుతాయో లేదో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. మేం అర్థం కావనే అనుకుంటూ ఆమె ముందే అన్నీ మాట్లాడుకుంటాం. రాగిణి ఆరో అంశం చదువుతోంది. కొరుకుతుంది అన్న మాట దగ్గరికి రాగానే నైనిక లేచి వచ్చి, తల్లి చొక్కా చెయ్యి పైకి తోసి, ఆ గాట్ల మీద తన చెంప ఆనించింది. తర్వాత అరచెయ్యి తీసుకెళ్ళి తల్లి నోటికి అడ్డం పెట్టింది. చదవొద్దని.

తొమ్మిదేళ్ళలో మా ఇంట్లో జరిగిన అతి పెద్ద సంగతి ఇది. నా భార్య దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. అవినాష్ ఆఫీసు కాల్ మధ్యలో లేచి వచ్చి నేల మీద కూలబడ్డాడు. ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది, అందుకే మీకు రాశాను. కానీ అర్థం చేసుకునే పిల్లకు ఇంకా తక్కువ గంటలు చాలని తమ ఆఫీసువారు అంటారేమో. దయచేసి ఈ ఒక్క సంగతి అనువాదం చేయకండి.