అమ్మేసిన బండికి వచ్చిన ఉత్తరం

సికింద్రాబాద్,
ఫిబ్రవరి, శుక్రవారం.

శ్రీలేఖకు రఘునాథ్ రాస్తున్న సంగతులు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. ఉభయకుశలోపరి అని రాసేవాణ్ణే కానీ, అందులో నాకు తెలిసింది సగమే. ఆ మంచుకొండల్లో నీ కుశలం నువ్వే రాయాలి. ఫోను సిగ్నలు దొరికిన కాసేపూ నీహారికే లాగేసుకుంటుంది. నా వంతు వచ్చేసరికి "హలో, వినబడుతోందా" దగ్గరే తెగిపోతుంది. నాకు ఉత్తరమే నయం. పైగా ఉత్తరంలో నువ్వు మధ్యలో అడ్డు తగలవు. ఈసారి ఆ సదుపాయం నాకు బాగా అవసరం.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నీహారిక ప్రీఫైనల్‌లో లెక్కలు బాగా రాసిందట. సైన్సు ఎలా రాశావంటే "ఓకే" అంది. ఆ ఓకేకి అర్థం మార్కులొచ్చాక తెలుస్తుంది. అమ్మ మోకాళ్లకు నువ్వు చెప్పిన వ్యాయామాలు చేస్తోంది. మా కోడలు మిలిటరీ నర్సు, డాక్టర్లకు ఏం తక్కువ అని పక్కింటావిడతో అంటోంది. నీ ఎదుట ఎలాగూ అనదు కాబట్టి నేను చేరవేస్తున్నాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. రాంగోపాల్‌పేట్ షాపులో బేరాలు పరవాలేదు. పెళ్లిళ్లు కదా, ఫొటోల కోసం జనం కళ్లజోళ్లు తీసేసి లెన్సులు పెట్టించుకుంటున్నారు. వారానికోసారి నీ కారు స్టార్ట్ చేస్తున్నానా అని రెండుసార్లు రాశావు. చేస్తున్నాను. దాని గురించి ఇంకొంచెం ఉంది, నిదానంగా వస్తాను.

అసలు సంగతి మన పాత బండిది. పోస్టింగుకు ముందు నువ్వు ముచ్చటపడి కొత్తది కొనుక్కున్నప్పుడు, పాతదాన్ని బోయిన్‌పల్లిలో బ్రోకరు హరికిషన్‌కి ఇచ్చేశాం కదా. దానికి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ కాలంలో తయారైన కొన్ని బండ్లలో, స్టీరింగుకూ ముందు చక్రానికీ మధ్య ఉండే రాడ్డు సరిగ్గా తయారుకాలేదట. నడుస్తుండగా అది విరగవచ్చు. విరిగితే స్టీరింగు ఎటు తిప్పినా చక్రం మాట వినదు. బండిని వెనక్కి పిలిచి రాడ్డు ఉచితంగా మారుస్తాం, మార్చేదాకా దయచేసి నడపవద్దు అని రాశారు. దీన్నే రీకాల్ అంటారు.

అమ్మేసిన బండి ఉత్తరం మనింటికెందుకొచ్చిందని అడుగుతావు. ఆర్సీ ఇంకా నా పేరు మీదే ఉంది మరి. కాగితాల మీద సంతకాలు పెట్టేసి, పేరు మార్పిడి హరికిషన్ చూసుకుంటాడులే అని వదిలేశాం. హరికిషన్, కొన్నవాళ్లు చూసుకుంటారులే అనుకున్నాడు. ఈ ఊళ్లో సగం పాత బండ్ల బతుకు ఇంతే. ఊరందరి చూపూ సరిచేసేవాడికి తన ఆర్సీ ఆనలేదని నువ్వంటావు. అను.

మనది కాదుగా అని ఆ కాగితం పక్కన పడేద్దామనుకున్నాను. మధ్యాహ్నం షాపులో అన్నం తింటూ దాన్ని మళ్లీ తీసి చదివాను. ఆ బండి ఇప్పుడు ఎవరు నడుపుతున్నారో, వాళ్లకు ఈ మాట చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కంపెనీకి తెలిసిన పేరు నాది, ఫోను నంబరు నాది. నేను నోరు మూసుకుంటే వాళ్లకు తెలిసే దారే లేదు.

హరికిషన్‌ని అడిగితే బండి రెండు చేతులు మారిందనీ, తనకేమీ ఎరుక లేదనీ చేతులు దులుపుకున్నాడు. దారి చూపించింది ట్రాఫిక్ వాళ్లు. ఆర్సీ నాది కాబట్టి ఆ బండి చలానాలన్నీ నా ఫోనుకే వస్తాయి, వచ్చిన ప్రతిసారీ తిట్టుకుంటూనే ఉన్నాను. ఈసారి కూర్చుని వాటి ఫొటోలు పరిశీలనగా చూశాను. మూడు నాలుగింట్లో మన బండి బోయిగూడలో ఒకే కట్టెల డిపో ముందు, పెట్టకూడని చోట పెట్టి ఉంది. డిపోకి వెళ్లి ఫొటో చూపించగానే, పాలిష్ పని చేసే బిక్షం బండి అది అని ఇల్లు చూపించారు.

బిక్షానికి నా వయసే ఉంటుంది. మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. నేను విషయం చెప్పి, బండి నడపకండి, నాకు అప్పగిస్తే సర్వీసు సెంటర్లో పెడతాను అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, ఎంత తెలివితక్కువగా మొదలుపెట్టానో. ఆర్సీ పేరున్నవాడు ఎక్కడి నుంచో ఊడిపడి బండి ఇవ్వమంటే ఎవరైనా ఏమనుకుంటారు? బిక్షం భార్య లచ్చమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"కాగితం మీ పేరు మీద ఉన్నదని బండి గుంజుకపోనీకి వచ్చిన్రా సార్? పైసలిచ్చి కొన్నం. తాళంచెయ్యి ఇయ్యం."

ఉత్తరం చూపించాను. బిక్షం మొత్తం చదివి, మడిచి తిరిగి నా చేతిలో పెట్టాడు. ఇలాంటివి ఫోన్‌లో రోజూ వస్తాయనీ, అది ఒత్తు ఇది ఒత్తు అంటారనీ, ఒత్తినవాడు మునిగినట్టేననీ అన్నాడు. ఆయన జాగ్రత్త నాకు నచ్చింది కానీ, నా పని అయ్యేట్టు లేదు. అప్పుడు ఉత్తరంలో ఉన్న నంబరు కాకుండా, బిక్షం తనకు తెలిసిన షోరూముకే తన ఫోను నుంచి చేశాడు. బండి చాసిస్ నంబరు చదివాడు. నిజమే, ఈ బండి రీకాల్‌లో ఉంది, ఎవరి చేతిలో ఉన్నా మాకు ఒకటే, పైసా తీసుకోం, బండి కదపకండి మేమే లాక్కెళ్తాం అని అటువైపు అమ్మాయి చెప్పింది. ఇంట్లో అందరి ముఖాలూ మారాయి.

అయితే కొత్త రాడ్డు సోమవారానికి గానీ రాదు. వీళ్ల ప్రయాణం ఆదివారం.

వీళ్ల కూతురు సృజనకు నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టిందట. గాజుపెట్టెలో పెట్టి, బతుకుతుందో లేదో చెప్పలేమన్నారట. అప్పుడు లచ్చమ్మ మొక్కుకుంది. పిల్ల బతికి బట్టకడితే సొంత బండిలో కొమురవెల్లి మల్లన్న దగ్గరికి తీసుకొచ్చి పుట్టెంట్రుకలు తీయిస్తానని. బస్సు కాదు, కిరాయి బండి కాదు, సొంత బండి. ఆ కారు కొన్నదే అందుకు. పిల్లకు ఏడాది నిండబోతోంది, ఆలోపే తీయించాలి, చుట్టాలకు చెప్పేశారు. లచ్చమ్మ దేవుడికిచ్చిన మాట తప్పే మనిషి కాదు. ఆదివారం ఒక్కరోజు మెల్లగా పోయి వస్తామనీ, పిల్లను బతికించిన దేవుడు రాడ్డును చూసుకోడా అనీ అంది. లారీలు దూసుకుపోయే రాజీవ్ రహదారి మీద, ఆ బండిలో, ఒళ్లో ఆ పిల్లను పెట్టుకుని.

నేను లేవలేదు. కిరాయి బండి నేనే మాట్లాడతానన్నాను, వద్దన్నారు. బతిమాలాను. లచ్చమ్మ నన్ను ఎగాదిగా చూసి, మీకు ఇంకో బండి ఉన్నదా అని అడిగింది. ఉందన్నాను.

"కాగితంల మా బండి మీదే కద సార్? గట్లైతే ఐతారం ఒక్కనాడు మీ బండి మాది. మల్లన్న ఏమనడు."

ఇంతసేపూ చెప్పకుండా దాచిపెట్టిన మాట ఇదే. నీ బండి ఇచ్చేశాను. నీ జీతంతో కొనుక్కుని, సీట్ల మీది ప్లాస్టిక్ కూడా నన్ను తీయనివ్వకుండా, "ఇది నాది, మీరు స్టార్ట్ చేసి ఆపేయండి చాలు" అని చెప్పి వెళ్లావే, ఆ బండి తాళం శనివారం సాయంత్రం బిక్షం చేతిలో పెట్టాను. నిన్ను అడగలేదు. ఫోను కలిసినా అడిగేవాణ్ణి కాదేమో, వద్దంటావని భయం. ఆదివారమంతా ఇంట్లో కాలు నిలవలేదు. చీకటి పడ్డాక బండి వచ్చింది. గుండు మీద పసుపుతో పిల్ల హాయిగా నిద్రపోతోంది. బండికి గీత పడలేదు కానీ, జాతరలో చల్లే పసుపు, వాళ్లు బండారి అంటారు, సీట్ల నిండా పట్టింది. ఎంత కడిగినా ప్లాస్టిక్ అంచుల్లోంచి పోవడంలేదు.

సోమవారం వాళ్ల బండిని సర్వీసు సెంటర్‌కి లాక్కెళ్లారు, నేనూ బిక్షమూ వెంట వెళ్లాం. పేరు మార్పిడికి కూడా పెట్టేశాం, ఇక చలానాలైనా రీకాల్ కబుర్లైనా ఆయనకే పోతాయి. నీ కొత్త బండి నంబరు కూడా కంపెనీ సైటులో కొట్టి చూశాను, దానికేమీ లేదు. మీ ఆసుపత్రిలో కార్లున్నవాళ్లకు చెప్పు. ఆర్సీ మీది చాసిస్ నంబరుతో చూసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ బండి అయితే తప్పకుండా చూసుకోమను, ఉత్తరం వాళ్లింటికి రాదు.

రాడ్డు విప్పి నా చేతికిచ్చారు. మెడ దగ్గర సన్నటి పగులు, లోపలంతా తుప్పు. ఈ మధ్య పడిందా అని అడిగాను. అంత తుప్పు పట్టాలంటే పగులు ఏళ్ల కిందటే మొదలై ఉండాలి సార్, అన్నాడు సర్వీసు అతను.

ఆ ఏళ్లలో ఆ బండి నడిపింది బిక్షం కాదు శ్రీలేఖా. నువ్వు. తిరుమలగిరి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి నిద్రకళ్లతో వచ్చేదానివి. వర్షంలో వచ్చేదానివి. సెలవులకు నీహారికను పక్కన కూర్చోబెట్టుకుని భీమవరం దాకా నడిపావు, నేను వెనక సీట్లో నిద్రపోయాను. ఆ రాడ్డు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. బిక్షం నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించాడు. ఆపద తప్పింది తన ఇంటికి కదా, నేనెందుకు ఏడుస్తున్నానో ఆయనకు అర్థం కాలేదు.

బండి ఇచ్చినందుకు తిట్టు. పసుపుకు వేరేగా తిట్టు. ఫోను దొరికితే మొదట నాకే ఇవ్వమని నీహారికకు చెప్పి మరీ తిట్టు. తిట్టడానికి నువ్వున్నావు, నాకదే చాలు.

ఇట్లు,
నీ మాట వినని, నీ మాట కోసమే చూసే
నీ భర్త
రఘునాథ్