కోర్టు విడిచిపెట్టిన లక్ష్మా

జనగామ నివాసి, రిటైర్డ్ తెలుగు పండిట్, డెబ్బై ఎనిమిదేళ్ల వేముల కనకలక్ష్మి అనే నేను పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా. నాకు మతి పోయిందని నా కొడుకు మహేశ్ వాడకట్టంతా చెప్పి ఉన్నందున డాక్టరు సర్టిఫికెట్ జతపరిచాను. కంటి దవాఖానకు తప్ప నన్ను గడప దాటనివ్వరు కాబట్టి, కళ్లు చూపించుకునే రోజే దీన్ని రిజిస్టరు చేయిస్తున్నాను.

1. ఇల్లు మహేశ్‌కు. నా అల్మారా తాళంచెవి రెండేళ్లుగా వాడి దగ్గరే ఉంది. దాన్ని వేరే రాసివ్వనక్కర్లేదు.

2. నా గాజులు కోడలు స్వరూపకు. నా గది గొళ్లెం తీసి టీ తెచ్చేది. చక్కెర ఎప్పుడూ తక్కువే, కానీ ఒక్కరోజూ చల్లారనివ్వలేదు.

3. నా నవల 'గూడూరు దారి హత్య' సర్వహక్కులు గూడూరు దగ్గరి తండాలో ఉండే కమ్లీకి. 1958లో ఆ దారిలో మా పక్క పొలం రైతును నరికి చంపారు. గొడ్డలితో కట్టెలకు పోయివస్తున్న కమ్లీ తాత లక్ష్మాను పట్టుకున్నారు. నిర్దోషి అని కోర్టు విడిచిపెట్టింది. 1994లో నేను, పేరైనా మార్చకుండా, అతన్నే హంతకుణ్ని చేసి నవల రాశాను. అట్ట మీద 'జరిగిన కథ' అని వేయించాను. ఎనిమిది ముద్రణలు పోయింది. ఆరేళ్ల కింద కమ్లీ మా ఇంటికొచ్చి, "అవ్వా, కోర్టు ఇడ్సిపెట్టిన మా తాతను నువ్వెందుకు పట్టుకున్నవ్? మా పోరగాళ్లను బడిల ఖూనీకోరోళ్ల పిల్లలంటున్నరు" అన్నది. "అది నవలే కదమ్మా" అని టీ ఇచ్చి పంపాను.

4. చంపింది మా బాపు సోమనర్సయ్య, నీళ్ల తగాదాలో. నెత్తురైన ఆయన ధోతిని పదకొండేళ్ల నేనే బావి దగ్గర ఉతికాను. "గది కోడి నెత్తురు బిడ్డా" అన్నాడు. ఆ రోజు మా ఇంట్లో కోడి కూర వండలేదు. నవల అచ్చయ్యాక చదివించుకుని నా తల నిమిరాడు. రెండేళ్ల కింద ఈ సంగతి రాసి మహేశ్‌కు చూపించాను. "తాత ఇజ్జత్ తీస్తవా అమ్మా?" అని ఆ కాగితాలను అల్మారాలో, నన్ను గదిలో పెట్టాడు. బాపు ఫొటో కూడా మహేశ్‌కే. దండ వేయడం మానొద్దు. ఆయన నాకూ బాపే.

5. అమలుదారు నా శిష్యురాలు, మహబూబాబాద్ వకీలు అర్షియా. బడిలో ఆమె చేతిరాతను నలుగురిలో వెక్కిరించినందుకు నా పెన్ను ఆమెకు. ఇకపై నవల వేస్తే నాలుగో అంశమే ముందుమాట. మహేశ్ దీని మీద కోర్టుకు పోవచ్చు. పోతే నిండు కోర్టులో ఆ అంశం చదవాలి. పోకపోతే పుస్తకంలో చదువుతారు. కొడుకా, నీకు రెండు తోవలన్నా ఉన్నయి. నాకు ఇన్నేళ్లూ ఒక్కటీ లేకుండె.

జనగామ, 14 నవంబరు 2025
(సంతకం) వేముల కనకలక్ష్మి

సాక్షులు:
జువేరియా, కంటి దవాఖాన నర్సు, చిట్యాల, భూపాలపల్లి జిల్లా
తౌఫీక్, ఆటో డ్రైవరు, పాలకుర్తి