మనశ్శాంతిలో మా ఊరే ఫస్టు

హైదరాబాద్,
జూన్ 4

పెద్దలు కుర్మయ్య గారికి మృదుల నమస్కరించి రాయునది.

మొన్న మనం ఫోన్లో మాట్లాడుతుంటే మీ ఇంటి మీదుగా విమానం పోయింది. ఆ మోతలో మీరు నా మాటలు విని "సరే" అన్నారో, వినకుండానే అన్నారో తెలియక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉండే చోటు మనిషి ఒంటి మీద ఎలా పనిచేస్తుందో మా పరిశోధన సంస్థ చూస్తోంది. ఉమ్మిలో కార్టిసాల్ అనే హార్మోన్ ఉంటుంది. మనసు స్థితిని బట్టి అది మారుతుంది. శంషాబాద్ చుట్టూ పది ఊళ్లలో, కాలనీల్లో దాన్ని కొలుస్తున్నాం. ఫలితాన్ని బట్టి మీ ఇళ్ల వెనక ఉన్న లారీల అడ్డా సంగతి అధికారులకు రాస్తాం.

ముప్పై గొట్టాలు పంపుతున్నాను. మాజీ సర్పంచ్ గారు కనుక మీ మాట ఊళ్లో అందరూ వింటారు. ముప్పై మంది, పడుకోబోయే ముందు, తలా ఒక గొట్టంలో ఉమ్మి మూత పెట్టి ఇస్తే చాలు.

ఇట్లు,
మీ మృదుల

తా.క.: వక్క, తంబాకు నమిలిన నోటితో వద్దని చెప్పండి. కిందటిసారి ఒక ఊరి గొట్టాలు ఎర్రగా వస్తే మా ల్యాబ్ మేనేజర్ గారు రక్తమనుకొని కళ్లు తిరిగి పడ్డారు.

&nbsp;

కొత్వాల్‌గూడ,
జూన్ 9

బిడ్డ మృదులకు కుర్మయ్య దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

గొట్టాలు అందాయి. ఆ సాయంత్రమే పెద్దమనుషులం కూర్చున్నాం. నేను లేచి చెప్పాను: "పరాయోల్లు మన ఊరిని చూస్తున్నరు. ఇది పెండ్లిచూపుల లెక్క అనుకోండ్రి. పిల్లకు పన్నునొప్పి ఉన్నదని చూపుల కాడ ఎవలన్న చెప్తరా?" అందరూ తలలూపారు.

మా పక్కనే గేటు పెట్టుకున్న విల్లాల కాలనీ ఉంది. దాని అధ్యక్షుడు నరసరాజు గారు పొద్దున నడకకు వచ్చినప్పుడల్లా "మా దగ్గర ఎంత ప్రశాంతతో అండీ" అని నాకు వినిపించి పోతుంటారు. మనశ్శాంతి కొలిచే పరీక్షలో ఆయన కంటే మేం తగ్గితే నేను ఊళ్లో తలెత్తుకొని తిరగలేను. మార్కెట్‌కు టమాటా పెట్టె పంపితే పైన మంచి కాయలే పేర్చే ఊరు మాది. నీకు కూడా ఎంచి ఎంచి మంచి సరుకే పంపాను.

లారీల సంగతి ఎవరికీ రాయనక్కరలేదు. ఒకరికి చెప్పుకునేంత పరేషాన్ మా ఊరికి లేదు.

ఇట్లు,
కుర్మయ్య, మాజీ సర్పంచ్

తా.క.: "ఎంగిలి పట్నం పంపుడేంది, సిగ్గు లేదా" అని మా పక్కింటి రుక్మిణమ్మ లొల్లి పెట్టింది. ఇది సర్కారు ఎంగిలి అని సర్దిచెప్పాను.

&nbsp;

హైదరాబాద్,
జూన్ 20

కుర్మయ్య గారికి నమస్కారాలు.

ఫలితాలు వచ్చాయి. పది చోట్లలోనూ మీ ఊరి అంకే అన్నిటికంటే ఎక్కువ. విల్లాల కాలనీకీ మీకూ పోలికే లేదు. మా డైరెక్టర్ గారు ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తన సర్వీసులో ఇలాంటిది చూడలేదన్నారు. మిమ్మల్నందరినీ స్వయంగా చూడాలని డాక్టర్లు తొందరపడుతున్నారు. ఎప్పుడు రమ్మంటారో తెలియజేయండి.

ఇట్లు,
మృదుల

తా.క.: ఒక్క సందేహం. ముప్పై గొట్టాల్లోనూ అంకె దాదాపు ఒకటే ఉంది. ఇదెలా సాధ్యమో మాకెవరికీ అంతుపట్టడం లేదు.

&nbsp;

కొత్వాల్‌గూడ,
జూన్ 24

బిడ్డ మృదులకు ఆశీస్సులు.

నీ నోట్లో చక్కెర పొయ్య. నీ ఉత్తరాన్ని మైకులో చదివించాను. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టించాం. "మనశ్శాంతిలో కొత్వాల్‌గూడ ఫస్టు" అని రాయించి, పక్కన చేతులు జోడించిన నా ఫోటో పెట్టించాను. దిగే విమానంలో కిటికీ పక్క సీటు దొరికినవాళ్లు కూడా చదువుకునేంత పెద్దది. నరసరాజు గారు దాని కింద చాలాసేపు నిలబడి, "అభినందనలండీ" అన్నారు. ఆ "అండీ" జర వణికింది.

డాక్టర్లను ఆదివారం తీసుకురా. నాటుకోడి పులుసు, జొన్నరొట్టె పెడతాం. శాలువాలు వాళ్లే తెస్తారా, మమ్మల్నే కొనుక్కోమంటారా?

అంకె ఒకటే ఎందుకు వచ్చిందని అడిగావు. మా ఊళ్లో అందరిదీ ఒకటే మాట, ఒకటే మనసు.

ఇట్లు,
కుర్మయ్య

తా.క.: ఫ్లెక్సీ మీద మా ఇంటామె శివమ్మ ఫోటో కూడా పెట్టిద్దామంటే వద్దని లోపలికి పోయింది. ఉత్త సిగ్గరి.

&nbsp;

హైదరాబాద్,
జూన్ 28

కుర్మయ్య గారికి,

ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ ఫ్లెక్సీ దించండి. కార్టిసాల్ ఎక్కువ ఉందంటే మనశ్శాంతి ఎక్కువ ఉందని కాదు, అసలు లేదని. ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాయకపోవడం నా తప్పు.

మీ తప్పు ఇంకా పెద్దది. గొట్టాలన్నీ మళ్లీ పరీక్షించాం. ముప్పైలోనూ ఉన్నది ఒక్క మనిషి ఉమ్మి. అది ఊరికి రుజువు కాదు. లారీల అడ్డా గురించి మేమిప్పుడు ఒక్క అక్షరం రాయలేం.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పడుకునే వేళకు అందరిలో తగ్గిపోవాల్సిన ఆ హార్మోన్ ఈ మనిషిలో తగ్గలేదు. పులి తరుముతుంటే పరుగెత్తే మనిషికి ఉన్నంత ఉంది. ఆ మనిషి ఎవరైనా సరే, దయచేసి వెంటనే ఆసుపత్రిలో చూపించండి.

ఇట్లు,
మృదుల

తా.క.: నరసరాజు గారు ఫోన్ చేశారు. తమ కాలనీకి సప్లిమెంటరీ పరీక్ష ఉంటుందా అని అడిగారు.

&nbsp;

కొత్వాల్‌గూడ,
జులై 6

బిడ్డ మృదులకు కుర్మయ్య రాయునది.

ఆ ఉమ్మి మా శివమ్మది.

ఊళ్లో అందరికంటే నిమ్మళమైన మనిషి ఎవరని పెద్దమనుషులను అడిగితే అందరూ ఆమె పేరే చెప్పారు. ఆమె గొంతు లేపగా విన్నవాళ్లు ఊళ్లో లేరు. ముప్పై గొట్టాలూ ముందు పెడితే, అన్నం తిన్నాక కూర్చొని మారుమాట లేకుండా నింపింది. మధ్యలో మంచినీళ్లు అడిగింది, అంతే.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. విని నోరు విప్పింది.

"కోపం రాని మనిషి అని ఊరంత చాటితివి. ఇగ నాకు కోపమొస్తె ఏడ పెట్టుకోవాలె? గోడ అవుతల లారీ హారన్ కొట్టినప్పుడల్ల నా గుండె దడదడ అంటది. నువ్వు మొద్దు లెక్క పండుకుంటవు. పొద్దుగాల చెప్పుదామంటె, మా ఊర్ల ఏం పరేషాన్ లేదని వచ్చినోల్లకు చెప్పుకుంట కూసుంటవు."

ఇన్నేళ్లుగా పక్కన పడుకున్న మనిషి మేలుకునే ఉందని నాకు తెలియదు బిడ్డా. ఇల్లిల్లూ తిరిగి కష్టసుఖాలు అడిగిన సర్పంచును, నా ఇంట్లో మాత్రం అడగలేదు. చచ్చేంత సిగ్గేసింది.

ఆమె అక్కడితో ఆగలేదు. కొంగు నడుముకు చెక్కి లారీల అడ్డాకు నడిచింది. రుక్మిణమ్మ చూసి, "నాకు సుత నిద్ర లేదు" అని వెంట పడింది. గల్లీ దాటేసరికి ఆడవాళ్లంతా కలిశారు. అడ్డా సూపర్‌వైజర్ కంపెనీ రూలు అని ఏదో చెప్పబోయాడు. శివమ్మ గొంతు లేపింది. సరిగ్గా అప్పుడే పైన విమానం పోతోంది. అయినా ఆమె అన్న ప్రతి మాటా అందరికీ వినబడింది. ఆ మాటలు ఇక్కడ రాయను, నువ్వు పెళ్లికాని పిల్లవు.

చీకటి పడ్డాక లారీలు ఇప్పుడు హైవే వైపు గేటు నుంచే పోతున్నాయి. మా గోడ పక్కన ఒక్కటి నిలవడం లేదు. ఎలక్షన్ గెలిచిన రోజు నన్ను భుజాల మీద ఊరేగించారు. ఆ రోజు కంటే, ఆమె వెనక నడిచిన ఆ పూటే నాకు ఎక్కువ గర్వంగా ఉంది. ఎవరు అడిగినా చెబుతున్నాను, మా ఇంటామెకు కోపం బాగా వస్తుందని.

దవాఖానలో చూపించాను. బీపీ ఉందన్నారు, గోలీలు ఇచ్చారు. ఇంకో ముప్పై గొట్టాలు పంపు. ఈసారి ఎవరి ఉమ్మి వాళ్లదే. విల్లాలకు కూడా పంపు, పాపం.

ఇట్లు,
శివమ్మ భర్త కుర్మయ్య

తా.క.: శివమ్మకు ఇప్పుడు హాయిగా నిద్ర పడుతోంది. ఇన్నేళ్ల బాకీ అంతా కలిపి గురక పెడుతోంది. నాకు కన్ను మూతపడడం లేదు. నా గొట్టంలో అంకె ఎక్కువ వస్తే, ఆ పాపం లారీల మీద రాయకు.