చూరు కింది దోనె

మే 11, మంగళవారం
గూన పెంకుల కప్పుడు అయిపోయింది. మా వంశంల మొదటి గూనిల్లు. అమ్మ గడపల కూసొని పైకే చూస్తాంది. నాయిన ఉంటే... ఆయన బతుకంతా కమ్మల గుడిసెలనే పాయె.

మే 14, శుక్రవారం
నిన్న పొద్దుగూకంగ గాలివాన. మా చూరు నీళ్లన్నీ పక్కన రాంరెడ్డి పటేల్ బర్ల కొట్టం మీద పడ్డయి. మట్టి గోడ — ఒక దిక్కు పెళ్లలు పెళ్లలుగ రాలింది. పొద్దుగాల్ల పటేల్ వచ్చిండు. వాకిట్లకు రాలే, బాట మీదనే నిలబడి — "ఏమిరా పంతులూ, మీ నీళ్లు మా దిక్కు పడొద్దు. మిరుగు కార్తె వానలు వచ్చేలోపల ఏదన్న జేయి."
"నీళ్లు మా దిక్కే మళ్లేటట్టు చూరుకు దోనె కట్టిస్త పటేలా" అన్న.
బడిల పిల్లలకు నేను సారును. ఆయన ముందల చేతులు వాటంతట అవే కట్టుకున్నయి.

మే 15
'మీ నీళ్లు' అన్నడు. గోడ కోసమా? మా ఇంటిని తగిలిన నీళ్లనా?
శాంతమ్మ — "రాలింది గోడ, అన్నది గోడ గురించే. కట్టుకున్నదాని మాట ఇను, ఊకె మనసు పాడు జేసుకోకు."
అమ్మ నవ్వింది. "గా పటేల్ ఇంటి ముందల దోసిలి పట్టి నీళ్లు తాగినదాన్ని. నన్నడుగు."
ఇద్దరి మాటా నిజమే అనిపిస్తది.

మే 17, సోమవారం
నల్లగొండ పోయిన. రేకు పనిచేసే సాయెబు దుకాణం. దేశాల నడుమ లడాయి వల్ల పెద్ద రేకులు దొరుకుతలేవట, కిర్సనాయిల్ డబ్బాలు కోసి అతికిస్తడట. "సగం గుండ్రం జేయాల్నా, చదరం జేయాల్నా?" ఏది మంచిదని అడిగిన. గుండ్రమైతే చెత్త ఆగకుంట జారిపోతదట. చదరమైతే చూరుకు మంచిగ ఆనుకుంటదట. ఆలోచించి చెప్త అని వచ్చిన. దారి పొడుగునా ఒకసారి గుండ్రం, ఒకసారి చదరం.

మే 20
శాంతమ్మ పుట్టింటోళ్ల చెల్కల గాలికి పడ్డ తాడిచెట్టు ఉన్నది. "నిలువున చీరి తొలిస్తె సగం గుండ్రమే గద, రేకెందుకు?"
నాకు రేకే కావాలె. తళతళ మెరిసేది. పటేల్ వాకిట్లకెల్లి కనపడేది... ఇది వాన కోసం చూసే దోనెనా, ఇంక దేనికోసమా?

మే 23, ఆదివారం
ప్రార్థనల గూడ మనసుల దోనెనే.

మే 29
మొన్న మళ్ల పోయి, సాయెబు అతికిన రేకుల నీళ్లు పోసి చూసిన. అతుకు కాడ కారింది. ఇగ తాడిచెట్టే ఖాయం. శాంతమ్మ, నేను కలిసి తొలిచినం. అరచేతులు పొక్కినయి. చూరు కింద కట్టి, కొసకు చిన్న దోనె ముక్క తాడుతోని తగిలించి మా పెరటి దిక్కు తిప్పినం.

జూన్ 12
మిరుగు వచ్చింది. చినుకు లేదు. దోనెల దుమ్ము.

జూన్ 18, శుక్రవారం
వాన! దోనె నిండ పారుతాంది. పటేల్ ఊళ్లె లేడు. గోడ అవతలికెల్లి ఆయన కోడలు — "పంతులూ, మా బాయి ఎండింది. బర్లు అల్లాడుతున్నయి. దోనె కొస జర గిటు తిప్పు, మా తొట్ల పడనియ్."
"పటేల్..." అన్న.
"మామ లేడు గద. తిప్పు."
నిచ్చెన ఎక్కి, తాడు విప్పి తిప్పిన. తొట్టి నిండింది. బర్లు మెడలు వంచి తాగుతుంటె నిచ్చెన మీదనే నిలబడి చూసిన. సంబురమా, భయమా?

జూన్ 19
పటేల్ వచ్చిండు. తొట్టి చూసిండు, దోనె చూసిండు. కోడలు తలుపు చాటున.
"ఎవరు తిప్పిన్రు?"
"నేనే పటేలా."
ఒక బర్రె ఇంక తాగుతాంది. అదిలిస్తడనుకున్న. దాని వీపు నిమిరి లోపటికి పోయిండు.
దీన్ని ఏమనుకోవాలె? సరే అన్నట్టా? కోపమా?

జూన్ 20, ఆదివారం
మళ్ల మబ్బు. కొస ఇంక పటేల్ దిక్కే ఉన్నది. శాంతమ్మ — "పోయి అడిగి రారాదు?" అమ్మ — "అడిగితే కాదంటడు. అడగకు."
ఉరుముతాంది. నిచ్చెన గోడకు ఆనిచ్చి వచ్చిన. ఎక్కి కొసను మా దిక్కు తిప్పాల్నో, వద్దో —